మగదూడ పుట్టిన పూట నుంచి బండెక్కే పూట దాకా: పాడి పెట్టుకున్నవాళ్లు చేయాల్సినవి

గేదె ఈనగానే మన ఇళ్లలో ముందుగా అడిగే మాట ఒకటే: "పెయ్యా, దున్నా?" పెయ్య అంటే ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. దున్న అంటే "సర్లే" అని ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఆ "సర్లే" తర్వాత ఆ దూడకు ముర్రుపాలు సరిగ్గా అందవు, బొడ్డుకు మందు పడదు. వారం తిరక్కుండానే బేరగాడి బండిలో ఉంటుంది.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇటు ఒడిశా, కాస్త దూరం వెళ్తే పాతపట్నం, ఆంధ్ర. ఈ సరిహద్దు మీద దూడల బేరం ఎప్పుడూ ఉన్నదే. నేనూ అమ్మాను. ఏడేళ్ల కిందట ఆరు రోజుల దున్నదూడను మూడు వందలకు ఇచ్చేశాను. బండి వెనక తలుపు వేస్తుంటే అది పలుపుతాడు కొసను నోట్లో పెట్టుకుని చీకుతోంది. పాలనుకుంది. ఆ తాడు మాదే. ఆ రోజు నుంచి మా శాలలో పద్ధతి మార్చాను. నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. దూడల్ని అమ్మొద్దని చెప్పడం లేదు. నాలుగు గేదెల మీద బతికే ఇంట్లో ప్రతి మగదూడనూ ఉంచుకోవడం కుదరదని నాకు తెలుసు. కానీ అమ్మేదాకా అది మన దూడే. అమ్మే తీరు కూడా మన చేతిలోనే ఉంది.

ఈనకముందే తేల్చుకోండి

చూడి గేదెకు ఏడో నెల దాటిందంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. మగదూడ పుడితే పెంచుతామా, ఎన్నాళ్లు పెంచుతాం, ఎవరికి ఇస్తాం? పుట్టాక ఆలోచిద్దాం అనుకుంటే ఆ ఆలోచన మన బదులు బేరగాడే చేస్తాడు.

మగదూడలు తక్కువ పుట్టే దారి ఒకటి ఇప్పుడు ఉంది. పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యంతో సూది వేయిస్తే నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయి. జెర్సీ సంకర ఆవులకూ దొరుకుతుంది, ముర్రా గేదెలకూ దొరుకుతుంది. మామూలు సూది కంటే ఖర్చు ఎక్కువ. మొదటిసారే చూలు నిలిచే అవకాశం కూడా కాస్త తక్కువ. అందుకే ఎద సరిగ్గా పట్టుకుని, ఆరోగ్యంగా ఉన్న పశువుకే వేయించండి. మీ లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్‌లో ఎల్.ఐ. (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) బాబును ముందే అడిగి పెట్టుకుంటే ఎద వచ్చిన రోజు పరుగులు పెట్టక్కర్లేదు. ఆవులు పెట్టుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. జెర్సీ కోడెకు మూపురం ఉండదు, కాడి సరిగ్గా నిలవదు, ఎండలో అలిసిపోతుంది. కొనేవాడు లేక చివరికి దాన్ని రోడ్డు మీద వదిలేస్తారు. వెనకటికి దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఆంబోతును ఊరంతా మేపేది. బస్టాండ్ దగ్గర కవర్లు నములుతున్న కోడెదూడను ఎవరూ మేపరు. అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మొదటి గంట

ఇక్కడ ఓపిగ్గా చదవండి. దూడ బతుకంతా ఈ గంట మీద ఆధారపడి ఉంటుంది.

దూడ కింద పడగానే ముక్కు, నోటి దగ్గర జిగురు తుడవండి. ఊపిరి తీయకపోతే గడ్డిపోచతో ముక్కులో మెల్లగా కదపండి, తుమ్ముతుంది. పొడి గోనెపట్టాతో ఒళ్లు రుద్దండి. తల్లిని నాకనివ్వండి. మగదూడ అని తల్లికి తేడా ఉండదు. ఒళ్లంతా ఒకేలా నాకుతుంది.

బొడ్డు తాడు పొడవుగా వేలాడుతుంటే పొట్ట నుంచి మూడు వేళ్ల దూరం వదిలి, ఉడికించిన దారంతో ముడి వేసి, ముడి కింద కొత్త బ్లేడుతో కోయండి. చిన్న గిన్నెలో టింక్చర్ అయోడిన్ పోసి ఆ కొసను అందులో ముంచండి. పైపైన రాస్తే చాలదు, మునగాలి. రెండు మూడు రోజులు అలాగే చేయండి. బూడిద, పేడ పెట్టకండి. బొడ్డు నుంచి ఎక్కిన చీము కీళ్లలోకి వెళ్తే మోకాళ్లు వాచి దూడ లేవలేదు. అలాంటి దూడల్నే "పుట్టుకతోనే బలహీనం" అని అమ్మేస్తుంటారు.

ఇక ముర్రుపాలు. మన వైపు ఒక నమ్మకం ఉంది: మాయ పడేదాకా దూడను చన్ను పట్టనివ్వకూడదని. దాన్ని వదిలేయండి. దూడ చన్ను చీకితే తల్లి ఒంట్లో మాయను నెట్టే కదలిక పెరుగుతుంది. పైగా దూడ రోగాలను తట్టుకునే బలం రక్తంలో లేకుండా పుడుతుంది. ఆ బలం ముర్రుపాలలోనే ఉంది. దాన్ని పేగు పీల్చుకునే శక్తి గంట గంటకూ తగ్గిపోతుంది, ఒక రోజు దాటితే ఇక ఉండదు. మర్నాడు బకెట్‌డు పోసినా అవి ఉత్త పాలే.

కాబట్టి పుట్టిన గంటలోపు మొదటి తాపు, పన్నెండు గంటలలోపు రెండో తాపు. ముప్పై కిలోల గేదెదూడకు ఈ రెండూ కలిపి మూడు లీటర్లు పోవాలి. లేవలేకపోతే పిండి, పీక సీసాతో పట్టండి. తల ఎత్తిపట్టి గొట్టంతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అలా ఎప్పుడూ చేయొద్దు.

"మరి జున్ను?" అంటారు. ఇరుగుపొరుగు గిన్నెలు పంపుతారు, కాదనలేం. రెండో రోజు పాలతో కూడా జున్ను గట్టిపడుతుంది, కాస్త మెత్తగా ఉంటుందంతే. మొదటి రోజు పాలు దూడవి. మా ఇంట్లో ఈ మాట ఖరారుగా చెప్పాక ఎవరూ నొచ్చుకోలేదు.

పాల లెక్క దాచుకోకుండా వేయండి

మగదూడలు ఎక్కువగా చచ్చేది కత్తికి కాదు, ఆకలికి. మన శాలలోనే. గేదెను చేపించడానికి, అంటే పొదుగులోకి పాలు దింపించడానికి, దూడను నాలుగు చుక్కలకు వదిలి, వెంటనే లాగి కట్టేస్తాం. నెల తిరిగేసరికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "ఏదో రోగం వచ్చింది" అంటాం.

లెక్క ఇది. మొదటి నెల ఒంటి బరువులో పదో వంతు పాలు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. ముప్పై కిలోల దూడ అంటే మొదటి నెల రోజుకు మూడు లీటర్లు. దూడ బరువు పెరిగేదీ లెక్కలోకి తీసుకుంటే మూడు నెలలకు కలిపి సుమారు 240 లీటర్లు. మీ ఊరి పాల ధరతో గుణిస్తే గుండె గుభేల్మంటుంది, నాకు తెలుసు. అందుకే చాలామంది లెక్కే వేయరు, మెల్లగా కోత పెడతారు.

కోత పెట్టాల్సిందే అయితే తిండి పెట్టి కోయండి. రెండో వారం నుంచే దూడ ముందు గుప్పెడు దాణా, లేత గడ్డి పెట్టండి. నూరిన మొక్కజొన్న, తెలగపిండి, తవుడు, చిటికెడు ఉప్పు, కాస్త ఖనిజ మిశ్రమం. మొదట వాసన చూసి తుమ్ముతుంది. తడి చేత్తో కొంచెం నోటికి రాయండి, నాకుతుంది. అలా నమిలితేనే పెద్ద పొట్ట ఎదుగుతుంది. మేతకు పిల్లిపెసర చల్లుకున్నవాళ్లు లేతవి రెండు గుప్పెళ్లు పక్కన వేస్తే ఇంకా మంచిది. రోజుకు అరకిలో దాణా వరసగా మూడు రోజులు తిన్నదంటే, రెండు నెలలకే పాలు మెల్లగా తగ్గించొచ్చు. ఒక్క రోజులో మాన్పించొద్దు, వారం పట్టాలి. నీళ్లు మాత్రం మొదటి వారం నుంచి దాని ముందు ఎప్పుడూ ఉండాలి. పాలు తాగుతోంది కదా నీళ్లెందుకు అనుకోకండి.

పదో రోజు మందు, తెల్లపారుడు

గేదెదూడలకు ఏలికపాములు తల్లి పాల నుంచే వస్తాయి. శాల అద్దంలా ఉన్నా వస్తాయి. పొట్ట కుండలా ఉబ్బి, వెంట్రుక గరుకెక్కి, మట్టి రంగులో కంపు కొట్టే పేడ వేస్తూ మట్టి నాకుతుంటే అవే. పది నుంచి పదిహేను రోజుల మధ్య మొదటి మోతాదు పిపరజిన్ లాంటి మందు పట్టాలి. ఆపైన డాక్టరు చెప్పినట్టు ఆరు నెలల దాకా. మోతాదు దూడ బరువును బట్టి ఉంటుంది. పక్కింటివాళ్లు పట్టిన లెక్కన పట్టకండి.

పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంటే మూడు చోట్ల చూడండి. మెడ మీద చర్మం చిటికెలో పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే ఒంట్లో నీరు ఉన్నట్టు, ముడత రెండు సెకన్లకు మించి నిలబడితే నీరు పోయినట్టు. కళ్లు గుంటలు పడ్డాయా చూడండి. తర్వాత కడిగిన వేలు నోట్లో పెట్టండి. వెచ్చగా ఉండి గట్టిగా చీకితే ఇంటి దగ్గరే నిలబెట్టొచ్చు. చల్లగా ఉండి చీకకపోతే ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి పశువైద్య బండి పిలవండి. ఈలోపు ఓఆర్ఎస్ కలిపిన గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా, రోజులో మూడు నాలుగు సార్లు, పాలకు పాలకు మధ్య పట్టండి. పాలు ఆపేయకండి. పారుతోందని పాలు మాన్పిస్తే నీరసంతోనే పోతుంది.

నాలుగు నెలలు నిండాక గాలికుంటు టీకా, ఆరు నెలలకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు. మగదూడకు కూడా. చెవికి పన్నెండు అంకెల ట్యాగ్ అప్పుడే వేయించుకోండి, అమ్మేటప్పుడు పనికొస్తుంది.

చేపడానికి దూడను చంపుకోనక్కర్లేదు, సూది అసలే వద్దు

దూడ పోతే గేదె చేపదని భయం. దానికి రెండు చెడ్డ దారులు తొక్కుతారు. ఒకటి, చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టడం. ఆ గేదె దాన్ని నాకడం ఒక్కసారి దగ్గర నుంచి చూడండి, మళ్లీ మీ చేతులతో ఆ పని చేయలేరు. రెండోది ఆక్సిటోసిన్ సూది. పాలు పెంచడానికి పశువుకు ఇలాంటి సూదులు వేయడం అదే 1960 చట్టం పన్నెండో సెక్షన్ కింద నేరం. పూటపూటా అది వేస్తే ఆ తర్వాత సూది లేకుండా చేపడమే మర్చిపోతుంది.

దూడ లేకుండా చేపించడం అలవాటు చేయొచ్చు. ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, చన్నులు ఒక నిమిషం మెత్తగా నిమరండి. తొలిచూలు గేదె త్వరగా నేర్చుకుంటుంది. ముదురు గేదెకు పది, పదిహేను రోజులు పడుతుంది, ఓపిక పట్టండి. అరుపులు, కొత్త మనుషులు ఉంటే అస్సలు చేపదు.

ఎవరికి, ఎప్పుడు

మూడు నెలలు నిండి, పాలు మాని, గడ్డీ దాణా తిని నెమరు వేస్తున్న దూడనే ఇంటి గడప దాటించండి. ఇది నా పట్టుదల మాత్రమే కాదు. 2001 నాటి వధశాల నియమాల ప్రకారం మూడు నెలలలోపు పశువును కోయకూడదు. మూడు నెలలలోపు దూడ ఉన్న తల్లినీ కోయకూడదు. చూడి పశువునూ కోయకూడదు. కాబట్టి వారం దూడను "పెంచుకోవడానికే" అంటూ గంపగుత్తగా కొనేవాడి మాట నమ్మేముందు, అన్ని చంటిదూడలకు రోజుకు ఎన్ని లీటర్ల పాలు కావాలో, అవి అతని దగ్గర ఎక్కడున్నాయో అడగండి.

ఆవు సంగతి వేరు. ఒడిశాలో 1960 నాటి చట్టం గోవధను నిషేధించింది. ఎద్దు, ఆంబోతులకైతే పద్నాలుగేళ్లు దాటిందనో, ఇక దేనికీ పనికిరాదనో అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. గేదెల ఊసు ఆ చట్టంలో లేదు. మన దేశం నుంచి బయటికి వెళ్లే మాంసంలో ఎక్కువ భాగం కూడా ఎముక తీసిన గేదె మాంసమే. యూరప్‌లో పాలడెయిరీల మగదూడల్ని తెల్లటి మాంసం కోసం కదలడానికి చోటు లేని పెట్టెల్లో పెంచేవారు. బ్రిటన్ 1990లో, యూరోపియన్ యూనియన్ 2007లో ఆ పెట్టెల్ని నిషేధించాయి. మన దగ్గర పెట్టెలు లేవు. మనకున్నది అర్ధాకలితో కట్టేసిన పలుపు. దాన్ని ఏ చట్టమూ వచ్చి విప్పదు, మనమే విప్పాలి.

ఇప్పుడు డబ్బు మాట. బాగా మేపిన గేదెదూడ రోజుకు నాలుగు వందల గ్రాముల దాకా బరువు పెరుగుతుంది, అంటే నెలకు పన్నెండు కిలోలు. వారం దూడకు ధర ఉండదు, దాని తోలుకే ధర. ఏడాది దున్నకు బరువును బట్టి ధర వస్తుంది. పాలు మానాక దానికి కావాల్సింది గడ్డి, కాస్త దాణా, పొలం గట్ల మీద మేత. వరిగడ్డి సొంతంగా ఉన్నవాళ్లకు ఏడాది ఉంచడమే లాభం. గడ్డి కొనుక్కునేవాళ్లు మూడు, నాలుగు నెలలకే మేపుకునే రైతుకు ఇచ్చేయండి. కొండ కింద పల్లెల్లో దమ్ముకు ఇంకా దున్నలు కట్టేవాళ్లున్నారు. కాశీనగరం, గుణుపురం వైపు చుట్టాలుంటే ముందు వాళ్లను అడగండి. సంతకు తోలడం ఆ తర్వాత.

బండి ఎక్కించే రోజు

బేరం కుదిరాక కొన్నవాడిని మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడికి, ఎన్ని గంటల దారి, బండిలో ఇంకా ఎన్ని ఉంటాయి? "అవన్నీ నీకెందుకు బాబూ" అంటే అమ్మకండి. నేను అలా రెండుసార్లు వెనక్కి పంపాను. మూడోసారి అదే మనిషి ముందే లెక్క చెప్పాడు.

1978 నాటి పశువుల రవాణా నియమాలు గుర్తుపెట్టుకోవడం తేలిక. ఒక బండిలో ఆరు పశువులకు మించకూడదు. ఈ నియమాల్లో పశువు అంటే దూడలు కూడా లెక్కే. కింద కాలు జారకుండా కొబ్బరిపీచు పట్టా గానీ చెక్క గానీ ఉండాలి. పశువులతోపాటు వేరే సరుకు వేయకూడదు. చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ప్రయాణానికి తగి ఉందని పశువైద్యుడి పత్రం కావాలి. 2016 నుంచి మోటారు వాహనాల నియమాల్లో ఆవుకూ గేదెకూ తలా రెండు చదరపు మీటర్ల చోటు అని కూడా ఉంది. పత్రం ఒడియాలో మాత్రమే రాస్తే పాతపట్నం వైపు చదివేవాళ్లు దొరకరు. ఇంగ్లీషులో కూడా రాయించండి. ట్యాగ్ నంబరు, బండి నంబరు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

తెల్లవారుజామున ఎక్కించండి. ముందు నీళ్లు కడుపునిండా, గడ్డి కొంచెం. బండిని మట్టి గట్టుకు ఆనించి నిలిపితే దూడ తనంతట తనే నడిచి ఎక్కుతుంది, ఎత్తి విసరక్కర్లేదు. నాలుగు కాళ్లూ కలిపి కట్టనివ్వకండి. తోక మెలిపెట్టడం, కళ్లలో కారం కొట్టడం మీ వాకిట్లో జరగనివ్వకండి. డబ్బు చేతిలో పడ్డాక కూడా ఆపమని చెప్పే హక్కు మీకుంది. పెద్ద పశువుల మధ్య దూడను నిలబెట్టొద్దు, మొదటి మలుపులోనే కింద పడి నలిగిపోతుంది. జ్వరం, కుంటి, పారుడు ఉన్న దూడను ఆ రోజు పంపొద్దు.

రోడ్డు మీద కిక్కిరిసిన బండి కనబడితే నంబరు రాసుకుని 112కు ఫోన్ చేయండి. గుంపుగా వెళ్లి బండి ఆపి మనుషుల్ని కొట్టకండి. అది నేరం. పైగా ఆ గొడవ తేలేదాకా దూడలు ఎండలో నీళ్లు లేకుండా నిలబడి ఉంటాయి.

బండి వెళ్లాక

తల్లి అరుస్తుంది. రెండు రోజులు, ఒక్కోసారి మూడు. మొదటి రాత్రి గూటం చుట్టూ తిరుగుతూ, దూడ పడుకున్న చోట ముక్కు ఆనించి వాసన చూస్తుంది. ఆ చోటు వెంటనే కడిగేయొద్దు. మూడు నెలలు నిండి పాలు మానిన దూడ అయితే ఈ బెంగ తక్కువగా ఉంటుంది, వారం దూడను లాగేస్తే చాలా ఎక్కువ. శాలలో వేరే దూడ ఉంటే పక్కన కట్టండి. ఆ పూట పాలు తీసే మనిషిని మార్చకండి. దిగాలుతో చేపక పాలు పొదుగులో ఉండిపోతే పొదుగువాపు వస్తుంది, అందుకని పూర్తిగా తీయండి. నాలుగు చన్నుల నుంచీ మొదటి ధార నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. తరకలు కనబడితే, లేదా చన్ను వేడిగా గట్టిగా తగిలితే మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి.